తులుం శిథిలాలు, బకలార్ సరస్సు: కారు ప్రయాణంపై రివ్యూ

మెక్సికోలో కాన్‌కున్ నుంచి 307వ నంబర్ హైవే మీద దక్షిణంగా వెళ్తే తులుం దాదాపు 130 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బకలార్ ఇంకో 210. చాలామంది తులుంలో రోజుల తరబడి ఉండిపోయి, బకలార్‌ను ఒక్క మధ్యాహ్నంలో చుట్టేస్తారు. దీన్ని తిరగేయాలి. శిథిలాలకు ఒక ఉదయం చాలు, సరస్సుకు కనీసం రెండు రాత్రులు ఇవ్వాలి.

ముందు కారు సంగతి. ఆన్‌లైన్‌లో కనిపించే చవక అద్దెలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చాలాసార్లు కలిసి ఉండదు. అక్కడి చట్టం ప్రకారం అది తప్పనిసరి కాబట్టి కౌంటర్ దగ్గర బిల్లు అమాంతం పెరుగుతుంది. అన్నీ కలిపిన ధర బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. కారు తీసుకునేముందు గీతలు, సొట్టలు, టైర్లు వీడియో తీయండి.

తులుం గేటు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు, అప్పటికే అక్కడ ఉండాలి. పది దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి, లోపల నీడ దాదాపు లేదు. పురావస్తు శాఖ టికెట్ ఒకటి, జాతీయ పార్కు రుసుము వేరు. పెసోలు నగదుగా ఉంచుకోండి. పార్కింగ్ దగ్గర అడ్డుపడి బోటు ప్యాకేజీలు అమ్మేవాళ్లను దాటి నేరుగా టికెట్ కిటికీకి వెళ్లండి. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు 12 మీటర్ల ఎత్తు కొండ అంచు, కింద కరీబియన్ సముద్రం: 13-15 శతాబ్దాల్లో వెలిగిన ఈ మాయా నాగరికత కాలపు రేవు పట్టణానికి ఆ చోటే బలం. అక్కడి పెద్ద కట్టడం ఎల్ కాస్తియో మెట్లు ఎక్కనివ్వరు. పక్కనున్న గుడి ద్వారం పైన తలకిందులుగా దిగుతున్న దేవుడి శిల్పాన్ని మాత్రం వదలొద్దు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సర్గాసమ్ నాచు ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్లు వాసన వేయొచ్చు, ఈత కోసమే వెళ్లేవాళ్లు ఆ నెలలు చూసుకోవాలి.

తులుం దాటాక బంకులు తక్కువ, ఫెలిపె కారియో ప్వెర్తోలో ట్యాంకు నింపండి. పెట్రోలు పోసేముందు మీటరు సున్నా దగ్గరుందో లేదో చూడాలి. ఊళ్ల దగ్గర 'టోపె' అనే స్పీడ్ బ్రేకర్లు కొన్నిచోట్ల బోర్డు కూడా లేకుండా ఎదురవుతాయి. దీపాలు లేని రోడ్డు కాబట్టి చీకటి పడ్డాక నడపొద్దు.

ఇక బకలార్. 40 కిలోమీటర్లకు పైగా పొడవున్న మంచినీటి సరస్సు. అడుగున తెల్లటి సున్నపు ఇసుక, లోతును బట్టి నీలం మారిపోతూ ఉంటుంది. ఎండ నిటారుగా ఉన్నప్పుడే ఆ రంగులు పూర్తిగా తేలతాయి, మబ్బు రోజున చాలా తగ్గుతాయి. 2020లో క్రిస్టోబల్ తుఫాను వరదకు నీళ్లు గోధుమ రంగుకు మారి చాలాకాలం అలాగే ఉన్నాయి. అందుకే పెద్ద వానల తర్వాత వెళ్లేవాళ్లు హోటల్‌కు ఫోన్ చేసి రంగు అడిగి బయల్దేరాలి. బుధవారం సరస్సుకు విశ్రాంతి, బోట్లు తిరగవు.

మోటారు బోటు కంటే తెరచాప పడవ మేలు. పొద్దున్నే గాలి లేనప్పుడైతే కయాక్. ఒడ్డున గుండ్రటి బండల్లా కనిపించే స్ట్రోమటోలైట్లు సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టినవి, ప్రాణమున్నవి. వాటిపై కాలు పెట్టొద్దు, పట్టుకుని ఆగొద్దు. సన్‌స్క్రీన్ కూడా వాటికి చేటే, నిండు చేతుల ఈత చొక్కా వేసుకోండి. పక్కనే ఉన్న సెనోటె అసుల్ (సున్నపురాయి కుంగి ఏర్పడిన సహజ నీటి గుంట) అంచు నుంచే ఒక్కసారిగా లోతు, దాదాపు 90 మీటర్లు. లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని దించొద్దు.

మా మార్కులు: సరస్సుకు 5కి 5, శిథిలాలకు 4, రోడ్డుకు 3. బస పడమటి ఒడ్డున నీటికి ఆనుకుని తీసుకోండి, సూర్యోదయం గదిలోంచే కనిపిస్తుంది.