హార్ట్ పద్ధతి: లెక్క కట్టడానికి మేలు, పొరపాట్లు వెతకడానికి చాలదు

మనిషి పొరపాటు ఎంత తరచుగా జరగవచ్చో అంకెల్లో చెప్పే పద్ధతుల్లో హార్ట్ (HEART, హ్యూమన్ ఎర్రర్ అసెస్‌మెంట్ అండ్ రిడక్షన్ టెక్నిక్) బాగా తేలికైనది. 1980లలో బ్రిటన్‌లో జెరెమీ విలియమ్స్ దీన్ని రూపొందించారు. రెండు పట్టికలు, ఒక కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు పని ఏ రకమో తేల్చాలి. ప్రొసీజర్ ప్రకారం, కొంత సరిచూసుకుంటూ వ్యవస్థను మళ్ళీ మామూలు స్థితికి తెచ్చే పని ‘ఎఫ్’ రకం. దాని మూల సంభావ్యత 0.003. ఆ తర్వాత 38 ప్రతికూల పరిస్థితుల్లోంచి అక్కడ నిజంగా ఉన్నవి ఎంచుకోవాలి. సమయం చాలకపోతే గుణకం 11, అనుభవం లేకపోతే 3. ఒక్కోటి ఎంత మేరకు ఉందో 0 నుంచి 1 మధ్య అంచనా వేయాలి. గుణకంలోంచి 1 తీసేసి, ఆ అంచనాతో గుణించి, మళ్ళీ 1 కలపాలి. సమయాభావం 0.4 అయితే 5 వస్తుంది, అనుభవలేమి 0.5 అయితే 2. మొత్తం 0.003 × 5 × 2 = 0.03, అంటే వందసార్లలో మూడుసార్లు.

దీని అసలు ఉపయోగం ఇక్కడే. శిక్షణతో అనుభవలేమిని తీసేస్తే 0.03 కాస్తా 0.015 అవుతుంది. శిక్షణ జోలికి పోకుండా తగినంత సమయం ఇస్తే 0.006కు దిగుతుంది. ప్రతి ప్రమాదం తర్వాత ‘ఆపరేటర్‌కు మళ్ళీ ట్రైనింగ్’ అని రాసి ఫైలు మూసేవాళ్ళ ముందు ఈ లెక్క పెట్టి తీరాలి.

ఇక లోపాలు. ఆ 0.4ను మరొకరు 0.8 అనుకుంటే జవాబు 0.054. అందుకే ఇద్దరు విడివిడిగా అంచనా వేసి, తేడా వచ్చినచోట కారణాలు రాసిపెట్టాలి. ఒకే కారణాన్ని రెండుసార్లు లెక్కించడం ఇంకా పెద్ద తప్పు. ‘ఏ’ రకం పని అంటేనే బొత్తిగా పరిచయం లేనిది, మూల సంభావ్యత 0.55. దానికి ‘పరిచయలేమి’ గుణకం 17 పూర్తిగా తగిలిస్తే 9.35 వస్తుంది. సంభావ్యత 1 దాటదు కదా!

ఒకరు చేసింది ఇంకొకరు సరిచూస్తారన్నప్పుడు హార్ట్ చేతులెత్తేస్తుంది. ఇద్దరికీ చెరో 0.03 వేసి గుణిస్తే 0.0009, చూడటానికి ఎంతో భద్రం. కానీ రెండోవాడు మొదటివాడి మాట నమ్మి సంతకం పెడితే? మనిషి పొరపాట్లను లెక్కగట్టే మరో పద్ధతి థెర్ప్ (THERP)లో గట్టి పరస్పర ఆధారానికి, అంటే రెండోవాడి పని మొదటివాడి మీద బాగా ఆధారపడినప్పుడు, రెండోవాడి పొరపాటుకు సూత్రం (1 + 0.03) ÷ 2 = 0.515. దాన్ని మొదటివాడి 0.03తో గుణిస్తే మొత్తం దాదాపు 0.015 అవుతుంది. డబుల్ చెక్ ఉన్నచోటల్లా థెర్ప్ సూత్రాన్నే వాడండి.

అన్నిటికంటే ముఖ్యం: ఏ పొరపాటు జరగవచ్చో హార్ట్ చెప్పదు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదంలో కంట్రోల్ ప్యానెల్ మీది దీపం చూపింది వాల్వ్‌కు వెళ్ళిన ఆదేశాన్ని, వాల్వ్ స్థితిని కాదు. వాల్వ్ మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు, అది తెరుచుకునే ఉంది. రూపకర్త ఊహకూ ఆపరేటర్ అవగాహనకూ పొంతన లేకపోతే హార్ట్‌లో గుణకం 8 ఉంది, నిజమే. కానీ ఆ దీపాన్ని ముందుగా ఎవరో పట్టుకుంటేనే ఆ గుణకం లెక్కలోకి వస్తుంది. కాబట్టి ముందు పనిని మెట్లుగా విడదీసి, పొరపాట్లను ముందే వెతికే షెర్పా (SHERPA) పద్ధతితో ఒక్కో మెట్టునూ చర్య, తనిఖీ, సమాచార సేకరణ, సమాచార మార్పిడి, ఎంపిక అనే ఐదు కోణాల్లో ప్రశ్నించండి. అందులో పర్యవసానం తీవ్రంగా ఉన్నవాటికే హార్ట్ లెక్క వేయండి.