కోకోపీట్ దిమ్మకి రివ్యూ రెండో పంట తర్వాతే రాయాలి

ఆన్‌లైన్‌లో 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు) దిమ్మ కింద రివ్యూలు చూడండి, దాదాపు అన్నీ పార్సిల్ విప్పిన రోజు రాసినవే. నీళ్లు పోశాం, భలే ఉబ్బింది, ఐదు స్టార్లు. ఏ దిమ్మయినా ఉబ్బుతుందండీ, 5 కిలోలది బాగా నానితే 70 లీటర్ల దాకా వస్తుంది, అందులో గొప్పేం లేదు. ఒక పంట అయిపోయి, ముదిరిన వంగ మొక్క పీకేశాక కుండీలో మిగిలిన పొట్టు పనికొస్తుందా లేదా అన్నది ఎవరూ రాయరు. మాది రాజమండ్రి. మేడ మీద వంగ, టమాటా, బెండ, ఆకుకూరలు అన్నీ ఈ పొట్టులోనే పెంచుతున్నాం కాబట్టి ఆ మిగతా సగం నేను రాస్తున్నా.

ముందు కొనడం గురించి రెండు ముక్కలు. నేను తీసుకునేది కడిగిన దిమ్మ, కవరు మీద లో ఈసీ అని ఉంటుంది. ఈసీ అంటే అందులో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత. కొబ్బరి డొక్కలోనే పొటాషియం ఎక్కువ, డొక్కల్ని ఉప్పునీళ్లలో ఊరబెట్టి పీచు తీస్తే సోడియం కూడా చేరుతుంది. ఊళ్లో ఒక షాపులో చవగ్గా వస్తోందని తెచ్చిన దిమ్మలో నారు మొలిచింది కానీ ఆకుల అంచులు మాడిపోయాయి, మూడుసార్లు నానబెట్టి పిండి పారబోస్తే గానీ దారికి రాలేదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే, వాటర్ ప్యూరిఫైయర్ వాళ్లు వాడే టీడీఎస్ మీటర్ ఉంటే చాలు, నానబెట్టి పిండిన నీళ్లలో పెట్టి, మామూలు కుళాయి నీళ్ల రీడింగుతో పోల్చండి. తేడా బాగా ఉంటే ఇంకా కడగాలి.

ఇక అసలు సంగతి. పాత కోకోపీట్ చాలామంది పారేస్తారు, నాకైతే కొత్తదానికంటే అదే ఇష్టం. కొత్త పొట్టు సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటుంది, మనం వేసే కాల్షియం, మెగ్నీషియం అది లాగేసుకుని వాటిని వదులుతుంది, మొదటి పంట టమాటాకి కాయ అడుగు నల్లబడటానికి అదీ ఒక కారణం కావచ్చు. పైగా పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి 100 రెట్లకు పైనే, అది కుళ్లడం మొదలుపెట్టగానే సూక్ష్మజీవులు మొక్కకి అందాల్సిన నత్రజని తినేస్తాయి, ఆకులు పాలిపోతాయి. ఒక పంట గడిచేసరికి ఉప్పు కొట్టుకుపోతుంది, బోరు నీళ్లలో ఉన్న కాల్షియం పొట్టుకి పడుతుంది, కుళ్లడం కూడా కొంత సాగి ఉంటుంది. అంటే సగం పని మొక్కే చేసిపెట్టింది. లేనిదల్లా గాలి, తిండి. పొట్టు నలిగి సన్నబడిపోతుంది కాబట్టి నీళ్లు పట్టుకుంటుంది గానీ వేరుకి ఊపిరాడదు. తిండి సంగతి చెప్పక్కర్లేదు, కోకోపీట్‌లో పొటాషియం తప్ప మొదటి నుంచీ పెద్దగా ఏమీ లేదు.

నేను చేసేది ఇదీ. కుండీలన్నీ టార్పాలిన్ మీద బోర్లించి, లావు వేళ్లు తీసేసి సన్నవి అలాగే వదిలేస్తా, అవి లోపలే కుళ్లి ఎరువవుతాయి. వేళ్ల మీద ముడులు ముడులుగా బుడిపెలు కనిపిస్తే మాత్రం ఆ కుండీ మట్టి కలపకండి, అది వేళ్లలో చేరే నులిపురుగు పని. దాన్ని విడిగా తడిపి, పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి ఏప్రిల్, మే ఎండల్లో నెల పైన ఉడకనివ్వాలి, తర్వాత కూడా అందులో టమాటా, వంగ కాకుండా బంతి వేయండి. ఎండకి మంచి జీవులూ పోతాయి, కాబట్టి ఆ తర్వాత జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి పులియబెట్టిన ద్రవం) తప్పనిసరి.

కొలతలు బకెట్లలో చెప్తా: పాత కోకోపీట్ నాలుగు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ మూడు, ఎర్రమట్టి రెండు, నల్లగా కాలిన వరి ఊక ఒకటి. ఊక బొగ్గులాగా నల్లగా ఉండాలి, తెల్లబూడిదైతే అందులో సగమే వేయండి, క్షారం ఎక్కువవుతుంది. బకెట్‌కి రెండు గుప్పిళ్లు వేపపిండి, ఒక గుప్పెడు వేరుశనగ చెక్క పొడి. అంతా కలిపి, జీవామృతం ఒకటికి పది వంతుల నీళ్లలో పలుచన చేసి చల్లి, గోనెసంచులు కప్పి నీడలో పెడతా. తడి ఎంతంటే గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. మొదటి వారం చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది, చెక్కలు, వేపపిండి వేడది, ఆ వేడిలో నారు పెడితే చచ్చిపోతుంది. రెండు వారాలు ఆగాలి, తొందరపడొద్దు. మధ్యలో తెల్లటి బూజు దారాలు కనిపిస్తాయి, చూసి టెన్షన్ పడి పారేసేవాళ్లు ఉన్నారు, అయ్యో, అదే కదా మనక్కావలసింది! పొట్టులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని బాగా తినగలిగేవి ముఖ్యంగా శిలీంధ్రాలే. కొబ్బరి పీచు పరిశ్రమని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కాయిర్ బోర్డు, పొట్టుని మగ్గబెట్టడానికి పిత్‌ప్లస్ అని ఇచ్చేది కూడా పుట్టగొడుగు జాతి శిలీంధ్రమే.

ఇలా కలిపిన దాంట్లో బెండ, వంగ ఆకు రంగు చూస్తే నాకు ఎంత సంతోషమో, ఒట్టి కొత్త కోకోపీట్‌లో పెట్టిన వాటికి ఆ ముదురు ఆకుపచ్చ ఎప్పుడూ రాలేదు. పైన ఎండుటాకులు పరిస్తే వానపాములు కుండీలోనే నిలబడతాయి. స్లాబు మీద బరువు కూడా ఒట్టి మట్టి కంటే బాగా తక్కువ.

లోపాలూ ఉన్నాయి. పైన పొడిగా కనిపిస్తుంది, వేలు దించితే లోపల తడి, అది తెలియకపోతే రోజూ పోసి వేరు కుళ్లబెడతారు. ప్రతి పంటకీ కుండీలో మట్టి దిగిపోతుంది, మళ్లీ నింపాలి. పదేపదే వాడాక పొట్టు మరీ పొడైపోతుంది, అప్పుడు జల్లించి ముతకది కాయగూరలకి, సన్నది తోటకూర, పాలకూర మడికి వాడుకుంటున్నా.

ఇప్పుడు మార్కెట్లో ఆర్గానిక్ పాటింగ్ మిక్స్ అని చిన్న సంచుల్లో అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు, నేను విప్పి చూసిన వాటిలో ఎక్కువ భాగం కొత్త కోకోపీటే, దేన్ని ఎంత కలిపారో రాయరు కూడా. ఆ డబ్బుతో ఒక మంచి దిమ్మ, ఒక బస్తా వర్మీకంపోస్ట్ కొనుక్కోండి. నా దిమ్మకి ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఒకటి ఎందుకు తగ్గించానంటే కవరు మీద లో ఈసీ అన్న మాటే తప్ప ఎంతో అంకె వేయలేదు.