సదస్సుకా, ఉపన్యాసానికా, కల్చరల్‌కా: ఒక్కరోజే తీరికుంటే దేనికి పోవాలె?

మా మేనకోడలు నల్లగొండలో ఎంఏ చదువుతున్నది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మామా, ఒకే వారంల మూడు పడ్డయి. రెండు రోజుల జాతీయ సదస్సుకు ఆరు వందలు కట్టాలె. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక ప్రొఫెసర్ ఉపన్యాసం ఫ్రీ. శనివారం కల్చరల్ ప్రోగ్రాం. మూడిటికీ పోతే పరీక్షలకు చదువుడు ఆగమైతది. దేనికి పొమ్మంటవ్?" అని అడిగింది.

ఇట్లాంటి సభల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చోవడం నాకు పదిహేనేళ్ల అలవాటు. విద్యార్థిగా పోయిన, పరిశోధన పత్రం పట్టుకుని పోయిన, ఇప్పుడు బడిపంతులుగా అర సీఎల్, అంటే సగం రోజు సెలవు, పెట్టి పోతున్న. నోటితో చెప్పింది సగమే, మిగతాది ఇక్కడ రాస్తున్న.

ముందు సదస్సు సంగతి. ఇన్ని సదస్సులు ఎందుకు జరుగుతాయో తెలిస్తే, దేనికి పోవాలో సగం తేలిపోతుంది. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధనకు మార్కుల పట్టిక ఒకటి ఉంది. సదస్సులో పత్రం చదివినా, ఉపన్యాసం ఇచ్చినా రాష్ట్ర లేదా యూనివర్సిటీ స్థాయి అయితే 2, జాతీయం అయితే 3, దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సు అయితే 5, విదేశంలో అయితే 7. అందుకే బ్యానర్ మీద 'జాతీయ' అన్న మాట అంత పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మన నకిరేకల్ అబ్బాయి జూమ్‌లో పది నిమిషాలు కనబడితే చాలు, అది అంతర్జాతీయం అయిపోతుంది. తప్పు పట్టడం లేదు, ఉద్యోగం అన్నాక పాయింట్లు కావాలి. కానీ ఆ పాయింట్లు ఎంఏ పిల్లకు ఏం చేస్తాయి?

పరిశోధక విద్యార్థులకు మొన్నటిదాకా ఇంకో ఒత్తిడి ఉండేది. 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పత్రాలు చదివి తీరాలి. 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకున్న నియమాలు వేరే ఉండొచ్చు, చేరిన చోట అడిగి తెలుసుకోవాలి. అయితే షరతు పోయినా అలవాటు పోలేదు. సర్టిఫికెట్ల ఫైలు లావుగా ఉంటేనే ఇంటర్వ్యూలో గౌరవం అని సీనియర్లు ఇప్పటికీ చెప్తూనే ఉన్నారు.

నా మొదటి సదస్సు అనుభవం చెప్తా. ఏ ఊళ్లో, ఎవరు పెట్టిందో వద్దు. పది గంటలకని వేసిన ప్రారంభ సభ పదకొండున్నరకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, వేదిక మీద తొమ్మిది మంది, తొమ్మిది శాలువాలు, తొమ్మిది మెమెంటోలు. కీలకోపన్యాసం అయ్యేసరికి ఒంటిగంటన్నర. బగారన్నం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తిన్నాక మూడు గదుల్లో ఒకేసారి పత్రాలు. నా వంతు నాలుగుంబావుకు వచ్చింది. నెలన్నర కష్టపడి రాసుకున్న పద్నాలుగు పేజీల్లో రెండో పేజీ దాటకముందే అధ్యక్షులవారు గంట కొట్టారు. "సారాంశం చెప్పండి, మిగతాది పుస్తకంలో వస్తుంది" అన్నారు. గదిలో ఉన్నది ఆరుగురం, అందులో నలుగురు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. బయట సర్టిఫికెట్ల దగ్గర మాత్రం వరుస మెట్ల దాకా ఉంది.

అయినా సదస్సు దండగ అనను. ఆ రోజే సాయంత్రం టీ దగ్గర పాలమూరు నుంచి వచ్చిన ఒకాయన నా పత్రం అడిగి తీసుకుని, వారం తర్వాత ఎక్కడెక్కడ తప్పుందో ఎర్ర ఇంకుతో దిద్ది పోస్టులో పంపిండు. గంట కొట్టిన గదిలో దొరకనిది టీ గ్లాసు దగ్గర దొరికింది. కాబట్టి సొంత పత్రం ఉంటే, అదే అంశం మీద పనిచేసేవాళ్లు నలుగురు వస్తున్నారని తెలిస్తే, ఆరు వందలు పెట్టొచ్చు. ఊరికే పాల్గొన్నట్టు సర్టిఫికెట్ కోసమైతే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోవడం మేలు.

ఇంకొకటి కూడా చూడాలి. ఆ సదస్సు ఎవరి గురించో వాళ్లు అక్కడ ఉన్నారా? మా జిల్లా ఫ్లోరైడ్ బాధ మీద సదస్సే అనుకోండి. తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు రూపొందించారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేరనిస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి చేరుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. ఈ లెక్కలన్నీ ప్రొజెక్టర్ మీద చూపించొచ్చు. కానీ మర్రిగూడ దిక్కు నుంచి వంగిన కాళ్లతో ఒక్క మనిషి వచ్చి, పటిక కలిపిన బిందె ఎన్నాళ్లు వాడారో, ఎందుకు మానేశారో మైకు పట్టుకుని చెప్పకపోతే ఆ సదస్సులో ఏదో లోటే. ఆహ్వానపత్రంలో అట్లాంటి మనిషి పేరు ఒక్కటి కనబడితే నేను అర సీఎల్ కాదు, పూర్తి సీఎల్ పెడతా.

ఉపన్యాసం లెక్క వేరు. ఒకే మనిషి, ఒకే విషయం, గంట సమయం. మంచిదైతే మనసులో ఏళ్లు ఉంటుంది, పాడైతే గంటతో వదిలిపోతుంది. సదస్సుకు ఈ రెండో సౌకర్యం లేదు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. కందూరు చోళుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. చిన్నప్పుడు మేము అది దేవుడి మహిమ అనుకున్నాం. ఒక ఉపన్యాసంలో ఒక ఫిజిక్స్ సారు అట్టపెట్టె, నాలుగు చాక్‌పీసులు, తెల్లగుడ్డ చుట్టిన రెండు టార్చిలైట్లు పెట్టి విప్పి చూపించిండు. గుడి లోపలికి ఎండ నేరుగా రాదు. ఆకాశపు వెలుతురు రెండు పక్కల నుంచి, స్తంభాల సందుల్లోంచి పరుచుకుని వస్తుంది. స్తంభాలు అడ్డుపడిన నడుమ భాగం నీడగా మిగులుతుంది. సూర్యుడు ఎటు జరిగినా ఆ వెలుతురు వచ్చే దారులు జరగవు, అందుకే నీడా జరగదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "మరి రాత్రి లైటు పెడితే సార్?" అని అడిగింది. ఆయన నవ్వి పెట్టె ఆమె చేతికిచ్చి, నువ్వే పెట్టి చూడు అన్నాడు. అవతలివారం మా క్లాసు పిల్లలను పానగల్లు తీసుకపోయిన. సదస్సు విన్నాక నేను ఎవరినీ ఎక్కడికీ తీసుకపోయింది లేదు.

ఇట్లాంటి ఉపన్యాసాలకు ఉన్న పెద్ద దోషం వేళ. పనిరోజు పదిన్నరకు, ఊరి బయట క్యాంపస్‌లో పెడతారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం అన్నెపర్తి దగ్గర, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం బండమీదిపల్లిలో. ఒకటి 2007లో, ఇంకొకటి 2008లో వచ్చాయి. క్యాంపస్ పిల్లలకు సరే, ఊళ్లో ఉన్న రిటైర్డ్ టీచరు, విలేకరి, దుకాణం నడిపే పాఠకుడు ఆ వేళకు ఎట్లా పోతాడు? అదే ఉపన్యాసం సాయంత్రం ఐదున్నరకు జిల్లా గ్రంథాలయంలో పెడితే ముందు వరుస కోసం విద్యార్థులను క్లాసుల్లోంచి తోలుకురావాల్సిన అవసరం ఉండదు. హైదరాబాద్‌లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, రవీంద్రభారతిలోనో సభ అంటే సాయంత్రమే. మనం అక్కడికి పోవాలంటే రానుపోను రెండు వందల కిలోమీటర్లు, సభ అయ్యేలోపే లేచి బస్టాండుకు ఉరకాలి.

ఒకప్పుడు సభలే మన దగ్గరికి వచ్చేవి. 1931లో, నిజాం కాలంలో తెలంగాణ తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ రెండో సభ దేవరకొండలో జరిగింది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. ఇప్పుడు దేవరకొండ పిల్ల ఒక ఉపన్యాసం వినాలంటే నల్లగొండ రావాలి, తిరుగు బస్సు టెన్షన్‌తో ప్రశ్నల వేళకే లేచిపోవాలి. అసలు విషయం ఉండేదే ప్రశ్నల వేళలో! అందుకే మేనకోడలికి ఒక గుర్తు చెప్పిన: ఆహ్వానంలో ప్రశ్నలకు సమయం వేసి ఉందా చూడు. వందన సమర్పణకు వేసి, ప్రశ్నలకు వేయకపోతే యూట్యూబ్‌లో పెట్టేదాకా ఆగినా నష్టం లేదు.

శాలువాల మీద విసుక్కున్నా గానీ, అది మనకు కొత్తేం కాదు. గద్వాల సంస్థానానికి పండితులను ఆదరించినందుకే విద్వద్గద్వాల అని పేరొచ్చింది. అక్కడికి పోయిన కవులకూ సత్కారాలు ఉన్నాయి. తేడా ఒక్కటే, సత్కారానికి ముందు వాళ్ల పాండిత్యాన్ని పరీక్షించేవాళ్లు. అదే నేల మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. దానికి ఏ రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు.

ఇక కల్చరల్ ప్రోగ్రాం. పెద్ద స్పీకర్లు, సినిమా పాటలకు డాన్సులు పిల్లల సరదా, అందులో మనకు పని లేదు, వాళ్లను ఆడుకోనియ్యాలి. నేను బాధపడేది జానపదం పేరుతో జరిగేదానికి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, 2022లో పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప నారాయణపేట జిల్లా, 2024లో పద్మశ్రీ. దేశం గుర్తించిన ఈ ఇద్దరూ పాలమూరు పక్కవాళ్లే. అట్లాంటి వాద్యం పట్టుకుని ఒక కళాకారుడు క్యాంపస్‌కు వస్తే మనం చేసేదేమిటి? అతిథుల ప్రసంగాల మధ్య పది నిమిషాలు ఇస్తాం, సెల్ఫీలు దిగుతాం, శాలువా కప్పి పంపిస్తాం. తెల్లారేదాకా ఆడే చిందు యక్షగానాన్ని పావుగంటకు కుదిస్తే మిగిలేది కిరీటం ఒక్కటే. ఆహ్వానంలో కళాకారుడికి గంట పైన వేసి ఉంటే మాత్రం మిగతావన్నీ వదిలేసి పొమ్మంటా. పుస్తకంలో దొరికేది తర్వాతైనా చదువుకోవచ్చు. కిన్నెర మెట్ల మీద ఆ వేళ్లు నడవడం పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

క్యాంపస్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది సెలవులు ఇచ్చే ముందు పెట్టే బతుకమ్మ. ముఖ్య అతిథి రాకున్నా ఆగదు, ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు, ఉన్నవాళ్లంతా వలయంలోనే. ఒకసారి మునుగోడు పిల్ల ఎత్తుకున్న పాటలో రెండో చరణం దగ్గర అచ్చంపేట పిల్ల ఆపి, "మా దిక్కు ఇట్ల కాదు" అని వేరే చరణం అందుకుంది. ఒక పాట ఊరూరికీ ఎట్లా మారుతుందన్నది సదస్సుల్లో పత్రాలు చదివే అంశం. అక్కడ ఆ ఇద్దరూ కొట్లాడుకుంటూ తేల్చుకున్నారు.

మేనకోడలికి సొంత పత్రం లేదు, అందుకని సదస్సు వద్దన్న. పత్రం సిద్ధమైతే వచ్చే ఏడు నేనే ఫీజు కడతా అన్న. శనివారం ప్రోగ్రాంలో జానపదానికి ఎంత వేళ ఇచ్చారో కనుక్కోమన్న. కనుక్కుని చెప్పింది: పన్నెండు నిమిషాలట. ఉపన్యాసం అంశం మన చెరువులు, ఒకటి నిండితే ఇంకోదానికి నీళ్లు పోయే గొలుసుకట్టు. ప్రశ్నలకు అరగంట వేసి ఉంది.

"ఏం అడగాల్నో తెల్వది మామా" అన్నది.

ఉదయసముద్రం చెరువు కట్ట మీద రోజూ నడుస్తావు కదా, అక్కడ నీకు అర్థంకానిది ఏదైనా రాసుకపో అన్న. నేనూ అర సీఎల్‌కు అర్జీ పెట్టిన. దేవరకొండ చివరి బస్సు ఎన్ని గంటలకో మాత్రం డిపోలో కనుక్కోవాలి.