క్లచ్ వదలకపోతే ఏది మేలు: గేర్‌బాక్సు దించడమా, ముందుగా స్లేవ్ రాడ్డు నడక కొలవడమా?

పాత లారీలు నడుపుకొనేవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ సాఫీగా పడతాయి, ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం పెడల్ అడుగంటా తొక్కినా మొదటి గేరూ రివర్సూ గరగరమంటాయి, లేదా అసలు పడవు. అప్పుడు గేర్‌బాక్సు దించి క్లచ్ సెట్టు మార్పించాలా, లేక బాక్సు జోలికి పోకుండా పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్, ఆ ఆయిల్‌తో బాక్సు దగ్గర క్లచ్‌ను వదిలించే స్లేవ్ సిలిండర్ల దగ్గర వెతకాలా? మా ఇంట్లో ఉన్న పాత టాటా 407 మీద నేను ఈ రెండు దారులూ పట్టాను. మొదటిసారి తప్పు దారి పట్టి ఒక సీజన్ మధ్యలో నాలుగు రోజులు బండిని నిలబెట్టుకున్నాను. ఇక్కడ చెప్పేది ఆయిల్‌తో పనిచేసే క్లచ్ గురించే. రాడ్లు, లీవర్లతో నడిచే ఇంకా పాత బండ్లకూ తర్కం ఒకటే, గాలి తీసే పని మాత్రం ఉండదు.

ముందుగా జబ్బు నిజంగా క్లచ్‌దేనని నిర్ధారించుకోవాలి. ఒక్క గేరే అరుస్తూ మిగిలినవి మెత్తగా పడుతుంటే అనుమానించవలసింది ఆ గేరు సింక్రోను (గేరు పడేముందు వేగాలు కలిపే రింగును), క్లచ్‌ను కాదు. బండిని నిలిపి, ఇంజన్ మామూలు వేగంలో నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్సు వేయండి. క్లచ్ పూర్తిగా వదిలితే ఆ వ్యవధిలో బాక్సు లోపలి షాఫ్టు తిరగడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి గేరు అరవకుండా పడుతుంది. అంతసేపు ఆగినా అరిచిందంటే ప్లేటు ఎక్కడో ఒరుసుకుంటూ షాఫ్టును తిప్పుతూనే ఉందని అర్థం.

బాక్సు దించమనేవారి వాదనలో బలం లేకపోలేదు. బండి పాతది, క్లచ్ ప్లేటు ఎప్పుడు వేసిందో ఎవరికీ గుర్తుండదు, క్లచ్ ప్లేటును ఇంజన్ ఫ్లైవీల్‌కు నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు ఫింగర్లు అరిగి ఉండవచ్చు, పెడల్ తొక్కినప్పుడు ఆ ఫింగర్లను నొక్కే రిలీజ్ బేరింగు పట్టేసి ఉండవచ్చు. ఒకసారి దించితే ఇవన్నీ కంటితో చూసి మార్చేయవచ్చు, మళ్లీ కొన్నేళ్లపాటు ఆ వైపు చూడనక్కర్లేదు. సీజన్ లేని రోజుల్లో, చేతిలో డబ్బున్నప్పుడు, ప్లేటు ఎటూ చివరిదశలో ఉన్నప్పుడు నేనూ ఈ మాటను కాదనను. అయితే ఈ దారికి ఒక పెద్ద లోపం ఉంది. బాక్సు దించి ఎక్కించడమంటే ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. ఆ పనంతా అయ్యాక జబ్బు అలాగే మిగిలితే, కొత్త సామాను తప్పా, బిగించడంలో తప్పా, పాత జబ్బు అలాగే ఉందా అన్నది ఎవరూ చెప్పలేని స్థితికి వస్తాం.

మాకు జరిగింది సరిగ్గా ఇదే. నూజివీడు నుంచి మామిడికాయలు తోలే రోజుల్లో మా బండికి గేర్లు పడటం మానేశాయి. దగ్గరి షెడ్డులో చూపిస్తే, పెడల్ నాలుగుసార్లు తొక్కి, బాక్సు దించాల్సిందేనని తేల్చారు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కొత్తవి వేశారు. బండి స్టార్టు చేసి రివర్సు వేయబోతే మళ్లీ అదే అరుపు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన బండి కింద దూరి, రెండు నిమిషాలు చూసి లేచి, “బాబూ, ముందు రాడ్డు ఎంత నడుస్తోందో చూడాలి గదా, బాక్సు ఎక్కడికీ పారిపోదు” అన్నారు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ బయటికి కారకుండానే వెనక్కి జారిపోతోంది. ఆ రబ్బరు మార్చగానే గేర్లు పడ్డాయి.

అందుకే నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఒకే ఒక్క అంకె: పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు స్లేవ్ సిలిండర్ పుష్ రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు నడిచింది అన్నది. చక్రాలకు దిమ్మలు పెట్టి, ఇంజన్ ఆపి, బండి కింద పడుకొని, స్లేవ్ చివరన ఉండే రబ్బరు తొడుగును వెనక్కి మడిచి, రాడ్డు మీద మట్టి తుడిచి సుద్దతో ఒక గీత గీయండి. పైన ఒకరు పెడల్‌ను మెల్లగా అడుగంటా తొక్కి పట్టుకోవాలి. స్టీలు స్కేలు పెట్టి గీత ఎంత జరిగిందో చదవండి. తొక్కి పట్టుకున్న అర నిమిషంలో గీత నెమ్మదిగా వెనక్కి వస్తోందేమో కూడా చూడండి.

ఈ అంకెకు ఇంత విలువ ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఉదాహరణకు మాస్టర్ బోరు (లోపలి వ్యాసం) 19 మిల్లీమీటర్లు, స్లేవ్ బోరు 22, మాస్టర్ పిస్టన్ నడక 30 అనుకుందాం. మాస్టర్ తోసే ఆయిల్ సుమారు 8.5 సీసీ, దానితో స్లేవ్ రాడ్డు 22 మిల్లీమీటర్లకు కాస్త పైన నడుస్తుంది. రాడ్డుకూ రిలీజ్ బేరింగుకూ మధ్య లీవరులా పనిచేసే ఫోర్కు దాన్ని సగం చేస్తే బేరింగు 11 నడుస్తుంది. అందులో 2 మిల్లీమీటర్లు బేరింగుకూ ఫింగర్లకూ మధ్య ఖాళీకే పోతుంది. మిగిలిన 9ని ఫింగర్లు అయిదో వంతు చేస్తే ప్రెజర్ ప్లేటు వెనక్కి జరిగేది 1.8 మిల్లీమీటర్లు మాత్రమే. క్లచ్ ప్లేటు లైనింగుల మధ్య ఉండే అలల రేకు వదులైనప్పుడు ఉబ్బి, ఈ కొద్దిపాటి జాగాలోనూ కొంత తినేస్తుంది. ఇప్పుడు లైనులో గాలి వల్లనో, జారే రబ్బరు వల్లనో, మెత్తబడి ఉబ్బే గొట్టం వల్లనో 2 సీసీలు పోయాయనుకోండి. రాడ్డు నడకలో 5 మిల్లీమీటర్లకు పైగా తగ్గి, ప్రెజర్ ప్లేటు జరుగుడు 1.3కు పడిపోతుంది. పెడల్ కింద ఏమంత తేడా తెలియదు, ప్లేటు మాత్రం ఫ్లైవీల్‌ను ఒరుసుకుంటూనే ఉంటుంది. కాలికి తెలియని ఈ తేడాను స్కేలు చూపిస్తుంది.

రాడ్డు నడక ఇలా లెక్కకు వచ్చినదానికంటే బాగా తక్కువగా ఉంటే జబ్బు బయటే ఉంది, బాక్సు ముట్టుకోవద్దు. మూడు నాలుగుసార్లు గబగబా తొక్కగానే గేరు పడితే లైనులో గాలి ఉందనో, మాస్టర్ కప్పు బలహీనపడిందనో అనుకోవాలి. తొక్కి పట్టుకుంటే గీత వెనక్కి జారుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే అది మాస్టర్ లోపలి జారుడే. స్లేవ్ రబ్బరు తొడుగు లోపల తడిగా ఉంటే తప్పు స్లేవ్‌ది, క్యాబిన్‌లో పెడల్ వెనక తడి కనిపిస్తే మాస్టర్‌ది. గొట్టం సంగతి తెలియాలంటే, పైన ఒకరు తొక్కుతుండగా దాన్ని పిడికిట్లో పట్టుకోండి. అది చేతిలో ఉబ్బినట్టు అనిపిస్తే మార్చవలసిందే.

రాడ్డు పూర్తిగా నడుస్తూ గేరు పడకపోతే జబ్బు లోపల ఉంది. అప్పుడు బాక్సు దించమన్నవారి మాటే నెగ్గుతుంది, నేనూ వారి పక్షమే. అయినా దించేముందు, వీలుంటే క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ కిటికీలోంచి టార్చి వేసి ఫోర్కు, బేరింగు రాడ్డుతో పాటు కదులుతున్నాయో లేదో చూడాలి. ఫోర్కు పగిలినా, దాని పివట్ అరిగినా రాడ్డు నడక అక్కడే పోతుంది. బేరింగు కూడా పూర్తిగా నడుస్తుంటే ఇక మిగిలేవి వంగిన ప్లేటు, బాక్సు షాఫ్టు గాడుల (స్ప్లైన్ల) మీద తుప్పుతో జరగని ప్లేటు హబ్బు, విరిగిన ఫింగరు, షాఫ్టు కొన కూర్చునే చోట పట్టేసిన పైలట్ బేరింగు. ఇటీవలే కొత్త ప్లేటు వేసి ఉంటే, దాన్ని వెనకముందులుగా బిగించారేమోనన్న అనుమానం అన్నిటికంటే ముందు రావాలి.

రెండేళ్ల తర్వాత మా బండికే ఈ రెండో రకం వచ్చింది. మామిడి సీజన్ అయ్యాక జూన్ ఆఖర్లో రేకుల షెడ్డులో నిలిపి, వానాకాలమంతా కదపకుండా నవంబరులో తీశాం. ఒక్క గేరూ పడలేదు. ఈసారి ముందు కొలిచాను: 21 మిల్లీమీటర్లు, పై లెక్కలోని 22కు దగ్గరే, అంటే నడక పూర్తిగా ఉంది. కాబట్టి సిలిండర్ల జోలికి పోకుండా, తేమకు ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోయిందని నిర్ధారించుకున్నాం. మనుషులెవరూ లేని ఖాళీ స్థలంలో, ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, మొదటి గేరు వేసి, పెడల్ తొక్కి పట్టి సెల్ఫ్‌తో కదిలించి, నడుస్తుండగా యాక్సిలరేటరును మెల్లగా నొక్కుతూ వదులుతూ పోతే రెండో చుట్టులో ప్లేటు ఊడింది. ఇది ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పను. తుప్పు ముదిరితే లైనింగే ఊడి రావచ్చు.

సిలిండర్‌కు రబ్బరు కిట్టు వేయడమా, సిలిండర్ మొత్తం మార్చడమా అన్నది తర్వాతి ప్రశ్న. బోరును వేలితో తడిమితే గోకుళ్లు, గుంటలు తగలకపోతే కిట్టు చాలు. ఏ కొంచెం తగిలినా కొత్త రబ్బరు కొద్ది నెలల్లోనే పోతుంది కనుక సిలిండరే మార్చాలి. ఏది వేసినా బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకే ఆయిలూ డబ్బాలో పోయనివ్వకండి. ఇంజన్ ఆయిల్ పడితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

పెడల్ రాడ్డు నట్టు తిప్పి సరిచేయడం కొందరు చెప్పే మూడో దారి. పెడల్ ఖాళీ నడక నిజంగా ఎక్కువుంటేనే దానివల్ల ఉపయోగం. ఉండవలసిన ఖాళీని కూడా లేకుండా చేస్తే రిలీజ్ బేరింగు ఎప్పుడూ తిరుగుతూ మాడిపోతుంది.

ప్లేటు ఊడి గేర్లన్నీ సాఫీగా పడిన రోజు సాయంత్రం మరోసారి కొలిపించి, ఆ అంకెను తెల్ల పెయింటుతో టూల్ బాక్సు మూత లోపలి వైపు రాయించాను. ఇప్పుడు గేరు కాస్త గట్టిగా పడినట్టు డ్రైవరు చెబితే, మేము మొదట తెరిచేది ఆ మూతే.