శాంపిల్ పెంచాలా, ఇంటర్వ్యూయర్లను పెంచాలా?

ఇంటింటి సర్వే చేయబోయే ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "వెయ్యి మంది చాలా, రెండు వేలు చేద్దామా?" మరి అడగడానికి ఎంతమంది వెళ్తున్నారు అంటే మాత్రం, అదెందుకు అన్నట్టు చూస్తారు.

శాంపిల్ పెంచితే లాభం లేదని కాదు. వెయ్యి మందిని అడిగితే వచ్చే ఫలితానికి, అసలు సంగతికి తేడా అటూ ఇటూ 3.1 శాతం దాకా ఉండొచ్చు, రెండు వేలకైతే 2.2. కాకపోతే ఆ లెక్క అడిగే మనిషి ప్రభావం సున్నా అనుకుని వేసింది. నిజానికి ఒకరు ప్రశ్నను ఉన్నదున్నట్టు చదువుతారు, ఇంకొకరు సొంత మాటల్లో అడుగుతారు, మరొకరు "తెలీదు" అనగానే టిక్కు పెట్టేసి ముందుకెళ్తారు (సాయంత్రానికి అందరూ ఈ మూడో రకమే). అందుకే ఒకే మనిషి తెచ్చిన ఫారాల్లో ఒక పోలిక కనిపిస్తుంది. అది ఎంతో చెప్పే సంఖ్యను రో అంటారు, సున్నా అయితే పోలికే లేనట్టు. వయసు లాంటి ప్రశ్నల్లో అది పెద్దగా ఉండదు, అభిప్రాయాల దగ్గరే గొడవ.

రో 0.02 అనుకోండి, చూడ్డానికి చిన్నదే. 20 మంది వెయ్యి ఇంటర్వ్యూలు చేస్తే తలా 50, అంటే 1+49×0.02, డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల శాంపిల్‌ను ఎంతతో భాగించాలో చెప్పే సంఖ్య) 1.98, మీ వెయ్యి కాస్తా 505తో సమానం. అదే 20 మందితో రెండు వేలు చేయిస్తే 671. వెయ్యిని అలాగే ఉంచి ఇంటర్వ్యూయర్లను 40 చేస్తే 676! సగం ఇళ్ళు తిరిగి కాస్త ఎక్కువే తెచ్చుకున్నట్టు.

శిక్షణ ఖర్చు పెరుగుతుంది, నిజమే, హడావిడిగా పనిలో పెట్టుకున్న కొత్తవాళ్ళ వల్ల రో కూడా పెరగొచ్చు. అయినా నా ఓటు ఇంటర్వ్యూయర్లను పెంచడానికే. ఇంకోటి, ఒక్కో ప్రాంతం ఒక్కరికే అప్పగిస్తే తేడా ఊరిదో మనిషిదో తేలదు. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఎప్పుడో ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాలను పంపి పోల్చి చూసింది ఇందుకే.

తాళం వేసిన ఇళ్ళకు మళ్ళీ వెళ్ళడం ఎలాగూ తప్పదు. మొహమాటం పెట్టే ప్రశ్నలకు ట్యాబ్ జవాబు చెప్పేవాళ్ళ చేతికే ఇవ్వండి, వాళ్ళు చదవగలిగితే.

ప్రశ్నే తప్పయితే మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. "వైద్యం, చదువు బాగున్నాయా?" అని రెండూ కలిపి అడిగితే 40 మందీ ఒకే తప్పు మోసుకొస్తారు.