తండ్రి పేరు, రెండు దారులు

హ్యాంక్ విలియమ్స్ జూనియర్, రోజాన్ క్యాష్: ఇద్దరి తండ్రులూ అమెరికా కంట్రీ సంగీతంలో మహామహులే. తొలి అడుగులకు మాత్రం పోలికే లేదు.

హ్యాంక్ ఎనిమిదేళ్లకే వేదికెక్కి, చనిపోయిన తండ్రి పాటలే పాడాడు. 1964లో, పద్నాలుగేళ్లకు దక్కిన తొలి హిట్టూ తండ్రి పాటే. చప్పట్లు పిల్లవాడికా, జ్ఞాపకానికా? సొంత బాణీ దొరికేసరికి 1970ల నడిమికి వచ్చాడు.

రోజాన్‌ది నిదానపు నడక. హైస్కూలు కాగానే తండ్రి జానీ క్యాష్ బృందంతో ఊళ్లు తిరిగింది. మొదట దుస్తులు చూసుకునే పని, తర్వాత వంతపాట. కూతురికి తెలియని పాత పాటలు చాలా ఉన్నాయని గ్రహించిన జానీ, నూరు పాటల జాబితా రాసి చేతిలో పెట్టాడు. (ఆస్తి పంపకమంటే ఇదీ!) 1981లో కంట్రీ పాటల్లో మొదటి స్థానం తెచ్చినది మాత్రం ఆమె స్వయంగా రాసుకున్న పాట. నా ఓటు ఈ దారికే.