బెజవాడలో టోమహాక్ కోసం డిస్క్ కొనేవాళ్ళు కాస్త ఆగండి

పేరు రాయను. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, "రెండే మిగిలాయి బాబూ" అని ఊరించి అమ్మే ఆయనే. ఈ ఊళ్ళో డిస్క్ గోల్ఫ్ (గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్‌ని బాస్కెట్‌లోకి విసిరే ఆట) ఆడేది పిడికెడు మందిమి, మీలో సగం మంది ఆయన దగ్గరే కొనుంటారు. ఇది ఇవాళ మధ్యాహ్నం జరిగింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

నున్న దగ్గర మామిడి తోటలో ఆడుతున్నాం కదా. బాస్కెట్లు లేవు, చెట్టు మొదలే మన బాస్కెట్. కొమ్మలు కిందికి వాలి ఉండి మామూలుగా విసరడానికి సందు దొరకదు. అందుకే టోమహాక్ అనే విసురు నేర్చుకుంటున్నాను. రెండు వేళ్ళు అంచు లోపల పెట్టి, గొడ్డలి విసిరినట్టు తల మీదుగా వెయ్యాలి. డిస్క్ నిలువుగా లేచి, చెట్టు దాటాక నిదానంగా వెల్లకిలా తిరిగి పడాలి. దానికి ఓవర్‌స్టేబుల్ డిస్క్, అంటే తేలిగ్గా తిరగబడనిది, కావాలి, అంచు గట్టిగా ఉండాలి, బరువూ ఉండాలి. ఫైర్‌బర్డ్ అనే మోడల్ అలాంటిదే. "ఫైర్‌బర్డ్ లాంటిది, గట్టి ప్లాస్టిక్, 175 గ్రాములు" అని పూసగుచ్చినట్టు మెసేజ్ పెట్టాను. "సేమ్ అదే టైపు బాబూ" అన్నాడు. 1,650 ఫోన్‌పే చేశాను. డబ్బు పంపాక ఫొటో పెద్దది చేసి చూశాను. నా తెలివి అలా ఏడిసింది.

ఫైర్‌బర్డ్‌కి 9, 3, 0, 4 అని ఉంటుంది. వరసగా వేగం, గ్లైడ్ (ఎంతసేపు తేలుతుందో), టర్న్ (మొదట్లో ఎంత పక్కకి తిరుగుతుందో), ఫేడ్ (చివర్లో ఎంత వెనక్కి మళ్ళుతుందో). నాకొచ్చినదాని మీద 9, 5, మైనస్ 3, 1. మైనస్ 3 అంటే పక్కా అండర్‌స్టేబుల్, ఇట్టే తిరగబడే రకం. మామూలు విసురుకి బాగానే ఉంటుందేమో గానీ, టోమహాక్ వేస్తే చెట్టు దాటకముందే తిరగబడి కొమ్మల్లో కూర్చుంటుంది. కూర్చుంది కూడా. నిచ్చెన కోసం తోట కాపలా తాతని బతిమాలుకున్నాను. ఇక అంచు సంగతి, రెండు వేళ్ళతో నొక్కితే పుల్కాలా వంగింది.

అడుగున మార్కర్‌తో 175 అని రాసుంది. బరువు చేత్తో రాసి ఉండటం మామూలే కాబట్టి అనుమానం రాలేదు. కానీ చేతికి తేలిగ్గా తోచి, మా సందు చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 151. "కందిపప్పులో 24 గ్రాములు తగ్గిస్తే నన్ను బతకనిస్తావా?" అన్నాడు కొట్టాయన.

సరే అని ఇవాళ డిస్క్ అమ్మినాయన కొట్టుకి పట్టుకెళ్ళాను. మెసేజ్ చూపించాను, కాటా ఫొటో చూపించాను. ఆయన డిస్క్ చేతిలోకి తీసుకుని తిరగేశాడు. బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, ఆ 175 మీద రెండుసార్లు గట్టిగా రుద్దాడు. అంకె మొత్తం పోయింది. నా ముఖం ముందు పెట్టి, "ఏదీ బాబూ, 175 ఎక్కడుంది?" అన్నాడు. వేలికంటిన నల్ల సిరా ప్యాంటుకి తుడుచుకున్నాడు. కౌంటర్ దగ్గర కుర్రాళ్ళు ఇద్దరూ నవ్వారు. ఉమ్మికి చెరిగే సిరాతో కంపెనీవాళ్ళు రాస్తారా? అది ఎవరి చేతిరాతో నాకప్పుడు అర్థమైంది.

"ఇవన్నీ 150లోనే వస్తాయి. ప్లేటు ఎలా విసిరినా ఎగురుతుంది, విసరడం రాకపోతే మేమేం చేస్తాం?" ఇదీ ఆయన ముక్తాయింపు.

దానికి నేనేమన్నానో తెలుసా? "సరేలెండి" అన్నాను. సరేలెండి! పైగా చెప్పులు సరిచూసుకుని వేసుకుని మరీ బయటికొచ్చాను. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగాక గానీ నోట్లో మాటలు ఊరలేదు. పీడీజీఏ (డిస్క్ గోల్ఫ్ నియమాలు పెట్టే సంఘం) రూల్ ప్రకారం వ్యాసంలో సెంటీమీటరుకి 8.3 గ్రాముల దాకా ఉండొచ్చు, 21 సెంటీమీటర్ల పైచిలుకు డిస్క్‌కి 175 హాయిగా వస్తుంది అని అక్కడ హెల్మెట్ లోపల బ్రహ్మాండంగా వాదించాను. పక్క ఆటోవాడు వింతగా చూశాడు.

అంకె చెరిపేశాడు కాబట్టి నా దగ్గర రుజువంటూ కాటా ఫొటో ఒక్కటే ఉంది. డిస్క్ అడుగు ఫొటో ముందే తీసుకోవాలన్న జ్ఞానం లేకపోయింది.

మీరు కొనేటట్టయితే డబ్బు పంపకముందే కాటా మీద పెట్టిన వీడియో అడగండి. టోమహాక్‌కైనా థంబర్‌కైనా (బొటనవేలు అంచు లోపల పెట్టి తల మీదుగా వేసే విసురు) మూడో అంకె సున్నా, నాలుగోది 3 కంటే తక్కువ కాకుండా చూసుకోండి. అంచు నొక్కి చూడండి.

ఆదివారం తోటకి వచ్చేవాళ్ళెవరి దగ్గరైనా పాత ఫైర్‌బర్డ్ ఉంటే పట్టుకురండి, నాలుగుసార్లు విసిరి ఇచ్చేస్తాను. చెట్టెక్కితే నిచ్చెన నేనే తెస్తా, తాతతో ఇప్పుడు బాగా పరిచయం.